మోకాలికి ప్యాకేజీ ఉంది, మెదడుకేదీ?

అమీర్‌పేటలో మెట్రో దిగి మైత్రీవనం మీదుగా పంజాగుట్ట దాకా నడిచి చూడండి. తలెత్తితే రెండు రకాల బోర్డులు కనిపిస్తాయి. పిల్లలకు కంప్యూటర్ కోర్సులు నేర్పుతామనేవి కొన్ని, పెద్దవాళ్లకు మోకాళ్లు మారుస్తామనేవి కొన్ని. రెండింటి మీదా ప్యాకేజీల మాటే. ఒక మోకాలికి ఇంత, రెండూ ఒకేసారి చేయించుకుంటే ఇంత తగ్గింపు, మర్నాడే నడిపిస్తాం, నాలుగో రోజుకు ఇంటికి పంపిస్తాం. పక్కనే తెల్లజుట్టు దంపతులు చేతులు పట్టుకుని నవ్వుతూ నిలబడి ఉంటారు. వాళ్ల కీళ్ల సంగతంతా రాశారు. ఆపరేషన్ తర్వాత వాళ్ల బుర్ర ఎలా ఉంటుందో ఒక్క ముక్క రాయలేదు. ఆ బోర్డులు చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

నేను సర్కారు దవాఖానాల్లో నర్సుగా చేసి రిటైరైన మనిషిని. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఎల్లారెడ్డిగూడలో కాపురం పెట్టాం. ఇప్పుడు అందరూ నిమ్స్ అంటున్న పంజాగుట్ట ఆసుపత్రిని మా వీధిలో అప్పట్లో బొక్కల దవాఖాన అనేవాళ్లు. నిజాం ట్రస్టు సొమ్ముతో 1960ల్లో ఎముకల వైద్యానికి వెలిసిన ఆసుపత్రి అది. 1980ల నడుమ కాకర్ల సుబ్బారావు గారు అమెరికా నుంచి తిరిగొచ్చి డైరెక్టర్‌గా పగ్గాలు పట్టాక అన్ని రోగాలకూ పెద్ద దిక్కుగా ఎదిగింది. ఆ ఆసుపత్రి గోడల మధ్యే తర్వాతి కాలంలో మెదడు గురించి ప్రపంచమంతా చదివిన పరిశోధనలు జరిగాయి. ఆ కథకు తర్వాత వస్తాను.

మా రోజులన్నీ బంగారమని నేను చెప్పను. డెబ్బై దాటిన మనిషి స్నానాల గదిలో జారి తుంటి విరగ్గొట్టుకుంటే చాలామందికి ఆపరేషన్ మాటే లేదు. కాలికి బరువులు వేలాడదీసి వారాల తరబడి మంచాన పడుకోబెట్టేవాళ్లం. వీపున పుండ్లు పడేవి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరేది, అట్లాగే పోయేవాళ్లు. ఇవాళ అదే మనిషికి ఒకటి రెండు రోజుల్లో రాడ్డు వేసి నిలబెడుతున్నారు. ఆ సర్జన్లకు చేతులెత్తి దండం పెడతాను. నాకు కత్తి మీద కోపం లేదు. కత్తికి ముందూ వెనకా ముసలి మనిషిని ఒంటరిని చేసే పద్ధతి మీదే నా కోపమంతా.

ఆ వార్డుల్లో ముసలాయన మంచం కింద చాప పరుచుకుని కోడలు పడుకునేది. పొద్దున్నే ఊరి నుంచి తమ్ముడు క్యారేజీతో దిగి "అన్నా, మన నల్ల బర్రె ఈనింది" అని కబురు చెప్పేవాడు. "రేపు తొలి ఏకాదశి, ఎల్లుండి నిన్ను ఇంటికి తోలుకుపోతాం" అనేది కూతురు. కళ్లజోడు తలగడ పక్కనే ఉండేది. ముక్కుపొడి డబ్బీ చేతికి అందేది. ఆయన్ను ఊళ్లో పిలిచే పేరుతోనే వార్డంతా పిలిచేది. రాత్రి లైట్లు ఆర్పేవాళ్లం. జనం ఎక్కువయ్యారని మేం కసురుకున్నా వాళ్లు కదిలేవాళ్లు కాదు.

1999లో అమెరికాలోని యేల్ వైద్యురాలు షారన్ ఇనౌయే బృందం ఒక పరిశోధన ప్రచురించింది. డెబ్బై దాటిన 852 మంది మెడికల్ వార్డు రోగుల మీద చేశారు. కొందరికి మామూలు వైద్యం. మిగిలినవాళ్లకు దానికి తోడు ఇవాళ ఏ రోజో, తామెక్కడున్నారో పదే పదే చెప్పడం, కళ్లజోడూ చెవి మిషనూ పెట్టి ఉంచడం, రాత్రి నిద్ర చెడగొట్టకపోవడం, తొందరగా లేపి నడిపించడం, నీళ్లు తాగించడం. ఇంతే. మామూలు వైద్యం అందినవాళ్లలో నూటికి 15 మందికి మతి చెదిరితే, ఇలా చూసుకున్నవాళ్లలో 9.9 మందికే చెదిరింది. మా వార్డులో కోడళ్లూ తమ్ముళ్లూ ఎవరూ నేర్పకుండా చేసిన పనినే అక్కడ శిక్షణ ఇచ్చిన వాలంటీర్లతో చేయించారు. ఇప్పుడు మన కార్పొరేట్ ఆసుపత్రుల్లో అది పేరుకైనా లేకుండా పోతోంది. సాయంత్రం పూట ఒక గంట, ఒక్కరికే పాస్, అదీ అద్దం తలుపు అవతలి నుంచే.

మతి చెదరడమంటే ఏమిటో తెలియక చాలామంది ఇళ్లలో భయపడిపోతారు. ఆపరేషనైన మర్నాడో మూడో నాడో, ఎక్కువగా పొద్దుగూకాక, పెద్దాయన ఉన్నట్టుండి "బస్సు పోతోంది, నా చెప్పులేవి?" అంటాడు. చేతి సూది పీకేస్తాడు. చనిపోయిన తల్లిని పిలుస్తాడు. డాక్టర్లు దీన్ని డెలీరియం అంటారు. మా రోజుల్లో గాలి సోకిందనేవాళ్లు, తాయెత్తు కట్టించేవాళ్లు, చేతులు మంచానికి కట్టేసే వార్డులూ ఉండేవి. ఇంకో రకం ఉంది, అది మరీ మోసం. మనిషి అరవడు, కదలడు, అడిగితే ఒక్క మాట అని మళ్లీ కళ్లు మూస్తాడు. "అమ్మ బుద్ధిగా పడుకుంది" అని ఇంటివాళ్లూ సంతోషిస్తారు, డ్యూటీ నర్సూ సంతోషిస్తుంది. నిజానికి ఆ నిశ్శబ్దమే ఎక్కువసార్లు ఎవరి కంటా పడకుండా పోయే డెలీరియం. వారం రోజులను వెనక నుంచి చెప్పమనండి. శనివారం, శుక్రవారం దాటి గురువారం దగ్గర చిక్కుకుపోతే డాక్టర్ని పిలవండి.

అప్పుడు మాకు తెలియదు, ఇప్పుడు తెలుసు. 1955లోనే బెడ్‌ఫర్డ్ అనే ఇంగ్లండు డాక్టరు లాన్సెట్ పత్రికలో మత్తు ఇచ్చాక పెద్దవాళ్ల మెదడుకు జరిగే చెడు గురించి రాశాడు. ఆపరేషన్ నాటి నుంచి మా పెద్దాయన మునుపటి మనిషి కాడని ఇంటివాళ్లు చెప్పే మాటను ఆయన కొట్టిపారేయలేదు, కూర్చుని విన్నాడు. 1998లో అదే పత్రికలో వచ్చిన పెద్ద పరిశోధనలో అరవై దాటిన 1218 మందికి పరీక్షలు చేశారు. గుండె ఆపరేషన్లు కాదు, మిగతా పెద్ద ఆపరేషన్లు అయినవాళ్లు. వారం తర్వాత నూటికి 25.8 మందికి జ్ఞాపకం, ఏకాగ్రత తగ్గాయి. మూడు నెలలకు 9.9 మందిలో ఆ తగ్గుదల ఇంకా ఉంది. ఆపరేషన్ కాని అదే వయసువాళ్లలో అది 2.8 మాత్రమే. అంటే చాలామంది కోలుకుంటారు. మూడు నెలలకూ కోలుకోనివాళ్లూ ఉంటారు, పదిమందిలో ఒకరు. ఈ లెక్క చెప్పి సంతకం తీసుకున్న ఆసుపత్రి మీకు తెలిస్తే నాకు చెప్పండి.

మా బావగారికి రెండేళ్ల కిందట మోకాలి ఆపరేషన్ అయింది. ఏ ఆసుపత్రో రాయను. ఆ మనిషి పింఛను లెక్కలు తనే చూసుకునేవాడు, పొద్దున రెండు పేపర్లు చదివి వాదనకు దిగేవాడు. ఆపరేషన్‌కు ముందు ఈసీజీ తీశారు, ఎకో తీశారు, షుగర్, కిడ్నీ, ఛాతీ ఎక్స్‌రే, అన్నీ అయ్యాయి. నేను పక్కనే ఉన్నాను. ఏ ఊరి వారు, ఇవాళ ఏ వారం, ఇప్పుడు చెప్పిన మూడు మాటలు మళ్లీ చెప్పండి అని ఒక్కరూ అడగలేదు. లోపలికి తీసుకెళ్లేటప్పుడు కళ్లజోడు, చెవి మిషను, కట్టుడు పళ్లు తీసి ప్లాస్టిక్ కవర్లో వేసి మా మేనల్లుడి చేతిలో పెట్టారు. ఆపరేషనయ్యాక ఐసీయూలో ఆ కవరు లోపలికి పంపమని వాడు ఎంత బతిమాలినా పంపలేదు. కళ్లు కనపడవు, చెవులు వినపడవు, నెత్తి మీద రాత్రంతా లైటు, పక్కన మిషను కూత. రెండో రాత్రి లేచి కూర్చుని సూది పీకాడట. నిద్రకు ఇంజెక్షన్ ఇచ్చారు. మర్నాటి నుంచి మాట లేదు. "బాగా రెస్ట్ తీసుకుంటున్నారు" అన్నారు మాతో. ఇంటికొచ్చాక బ్యాంకులో సంతకం కలవలేదు. స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోతున్నాడు. మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్తే మోకాలు అటూ ఇటూ వంచి చూసి ఫస్ట్‌క్లాస్‌గా ఉందన్నారు. బుర్ర సంగతి అడిగితే "వయసు కదండీ" అన్నారు. ఆపరేషన్ ముందు రోజు కూడా ఆయనకు అదే వయసు. ఆనాడు మతి లక్షణంగా ఉంది.

ఈ నగరానికి మత్తు గురించి ప్రశ్నలు అడగడం కొత్తేమీ కాదు. 1888లో, 1889లో ఇక్కడ క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నాయి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ క్లోరోఫాం వాడుతుంటే, అది ప్రమాదమని ఇంగ్లండులో వాదన లేచింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌన్లు ఇచ్చి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్‌ను ఇక్కడికి రప్పించాడు. వందల జంతువుల మీద ప్రయోగాలు చేశారు. ఒక్కటే ప్రశ్న: మత్తులో ముందు ఊపిరి ఆగుతుందా, గుండె ఆగుతుందా? ఊపిరి అన్నాడు లారీ. గుండె కూడా హఠాత్తుగా ఆగగలదని తర్వాతి శతాబ్దంలో తేలింది. నూట ముప్పై ఏళ్లు గడిచినా మన ఆసుపత్రుల్లో పరీక్షల చీటీ ఆ రెండు అవయవాల దగ్గరే ఆగింది. ఊపిరి చూస్తారు, గుండె చూస్తారు. మెదడు వరకూ రారు.

పక్షవాతం సంగతి ఇంకా కఠినం. ఆపరేషన్ తర్వాత కంటికి కనపడే స్ట్రోక్, గుండె, మెడ రక్తనాళాల ఆపరేషన్లు మినహాయిస్తే, తక్కువమందికే వస్తుంది. ఎక్కువభాగం బల్ల మీద రాదు, తర్వాతి రోజుల్లో వస్తుంది. గుండె లయ తప్పి గడ్డ కట్టి మెదడుకు చేరడం, రక్తపోటు పడిపోవడం, రక్తం పలచన చేసే మందులు ఆపేయడం, ఒంట్లో నీరు తగ్గడం, ఇలా కారణాలు అనేకం. కనపడని స్ట్రోక్ ఇంకొకటి. 2019లో వచ్చిన న్యూరోవిజన్ పరిశోధనలో అరవై ఐదు దాటిన 1114 మందికి, గుండె ఆపరేషన్లు కాక వేరేవి అయినవాళ్లకు, కొద్ది రోజుల్లో ఎంఆర్‌ఐ తీసి చూశారు. నూటికి ఏడుగురి మెదడులో కొత్త మచ్చ ఉంది. చెయ్యి పడిపోలేదు, మూతి వంకర పోలేదు, ఎవరికీ తెలియలేదు. ఏడాది తర్వాత చూస్తే ఆ మచ్చ ఉన్నవాళ్లలో నూటికి 42 మందికి తెలివితేటలు తగ్గాయి, లేనివాళ్లలో 29 మందికి. దీనికి "వయసు కదండీ" సమాధానం కాదు.

కనపడే స్ట్రోక్ విషయంలో వార్డులో కాలం తినేసే మాట ఒకటుంది: "మత్తు ఇంకా దిగలేదు." మూతి ఒక పక్కకు జారినా, చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా ముందు మత్తు మీదికే నెట్టేస్తారు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటల గడువు. పైగా కొత్త కోత ఉన్న ఒంటికి రక్తస్రావం భయంతో చాలాసార్లు ఇవ్వలేరు. పెద్ద నాళంలో గడ్డైతే తొడ దగ్గరి నాళం గుండా సన్నటి గొట్టం పంపి లాగేసే చికిత్స ఉంది, నగరంలోని పెద్దాసుపత్రుల్లో చేస్తున్నారు. కానీ మనిషి ఆఖరుగా ఎప్పుడు మామూలుగా ఉన్నాడో ఎవరో ఒకరు చెప్పగలగాలి. అద్దం అవతల నిలబెట్టిన కొడుకు ఏం చెప్తాడు? లోపలున్న నర్సు ఆయన్ను నిన్ననే మొదటిసారి చూసింది, ఆయన నవ్వు మామూలుగా ఎలా ఉంటుందో ఆమెకేం తెలుసు?

ఇదివరకే స్ట్రోక్ వచ్చిన వాళ్లయితే తొందరపడకూడని ఆపరేషన్‌కు తొందర ఎందుకు? 2014లో డెన్మార్క్ లెక్కలు చూస్తే స్ట్రోక్ తర్వాత తొమ్మిది నెలల దాకా ఆపరేషన్ ప్రమాదం ఎక్కువగానే కనిపించింది. ఆ తర్వాతి అధ్యయనాల్లో ఇంకా తక్కువ కాలం చాలన్నవీ ఉన్నాయి. కనీసం మూడు నెలలైనా ఆగకుండా, పండగ ఆఫరని మోకాళ్లు మార్పించుకునే మనుషుల్ని నేను చూశాను.

ఇక నిమ్స్ కథ. ఆ ఆసుపత్రి న్యూరాలజీ విభాగంలో సువర్ణ అల్లాడి, సుభాష్ కౌల్ మొదలైన వైద్యులు, ఎడిన్‌బరో నుంచి థామస్ బాక్ కలిసి 648 మంది మతిమరుపు రోగుల్ని పరిశీలించి 2013లో ప్రచురించారు. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు మతిమరుపు జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా వచ్చింది. చదువు రాని వాళ్లలోనూ ఆ మేలు కనిపించింది. మూడు, నాలుగు భాషలు వస్తే ఇంకా ఎక్కువ మేలని మాత్రం తేలలేదు. 2016లో స్ట్రోక్ వచ్చిన 608 మందిని చూశారు. రెండు భాషలవాళ్లలో నూటికి 40.5 మంది మెదడు పరీక్షల్లో మామూలుగా ఉన్నారు, ఒక్క భాషవాళ్లలో 19.6 మందే. ఇది ఆపరేషన్ రోగుల మీద చేసింది కాదు, ఆ సంగతి మరువకూడదు. కానీ దెబ్బ తగిలినా తట్టుకునే నిల్వ మెదడులో ఉంటుందనడానికి పంజాగుట్టలో ఆధారం దొరికింది. బోస్టన్‌లోనో లండన్‌లోనో కాదు, మన వీధిలో.

మా రోజుల్లో అమీర్‌పేటలో ఆ నిల్వ అందరికీ ఉత్తపుణ్యానికి దొరికేది. ఇరానీ హోటల్లో ఉర్దూ, కూరగాయల దగ్గర తెలంగాణ తెలుగు, ఎదురింటి ఉపాధ్యాయురాలితో కోస్తా తెలుగు, పక్కింటి మరాఠీ ఆవిడతో సగం మరాఠీ సగం హిందీ. బల్కంపేట ఎల్లమ్మ కల్యాణానికి వెళ్లొస్తే వారానికి సరిపడా మాటలు. బడి ముఖం చూడని మా అత్తగారు దక్కనీలో బేరమాడేది. ఇప్పుడు అదే వయసు ఆడవాళ్లు అపార్ట్‌మెంట్ ఆరో అంతస్తులో టీవీ ముందు కూర్చున్నారు. కూరగాయలు ఫోన్లో వస్తాయి. మనవడికి తెలుగు రాదు, వీళ్లకు వాడి ఇంగ్లీషు అందదు. ఒక్కమాట మాట్లాడకుండా సాయంత్రమవుతుంది. అట్లాంటి మనిషిని ఒకనాడు తీసుకెళ్లి ఐసీయూలో పడుకోబెట్టి, కళ్లజోడు తీసేసి, మతి ఎందుకు తప్పిందని అడుగుతున్నారు.

వెన్నులో సూది ఇస్తే ఏ గొడవా ఉండదని, పూర్తి మత్తుతోనే ఇదంతా అని మా వయసువాళ్లు గట్టిగా నమ్ముతారు. ఆ నమ్మకం నిలవలేదు. 2021లో తుంటి విరిగిన 1600 మంది మీద అమెరికా, కెనడాలలో చేసిన పరిశోధనలో రెండు పద్ధతుల్లోనూ డెలీరియం దాదాపు సమానంగానే, అయిదుగురిలో ఒకరికి వచ్చింది. కాబట్టి మత్తు డాక్టరు ఏ సూది వేస్తాడన్న దాని మీదే పోట్లాడకండి. అడగవలసినవి వేరే ఉన్నాయి.

రోజూ వేసుకునే నిద్రమాత్ర, జలుబు మాత్ర, అన్నీ డాక్టరు ముందు పెట్టండి. పెద్దవాళ్ల మతిని చెదరగొట్టే మందుల్లో అవి ముందుంటాయి. మందు అలవాటు దాచకండి. మగవాళ్లు రోజూ సాయంత్రం వేసుకునేది పరువుకోసం చెప్పరు, ఆపరేషనయ్యాక రెండో రోజుకు చేతులు వణికి పిచ్చిమాటలు మొదలవుతాయి. మన తెలంగాణలో ఇంకో చిక్కు, కల్లు. అల్ప్రాజోలం కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడ్డ మనిషికి అది ఒక్కసారి ఆగితే ఏమవుతుందో ఇక్కడికి కూతవేటు దూరంలోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఎన్నోసార్లు చూసింది. పలచన మందు ఎన్ని రోజుల ముందు ఆపాలో, మళ్లీ ఏ రోజు మొదలుపెట్టాలో కాగితం మీద రాయించుకోండి, సొంతంగా ఆపకండి.

ఆపరేషన్ తేదీ ఖాయం కాకముందే మెదడు పరీక్ష ఒకటి చేయమని అడగండి. తెలుగులో పరీక్షలున్నాయి, పావుగంట పని. ఆ మార్కులు ఫైల్లో ఉంటే రేపు "వయసు కదండీ" అనే దారి మూసుకుపోతుంది. మత్తు డాక్టరును కలిసిన రోజే కళ్లజోడు, చెవి మిషను ఎప్పుడు తిరిగి ఇస్తారో, రాత్రి ఎన్నింటికి లైట్లు ఆర్పుతారో, ఇంటి మనిషి ఒకరిని పక్కన ఉండనిస్తారో లేదో అడగండి. కేన్సరో, విరిగిన ఎముకో అయితే ఆగే వీలుండదు. మోకాలి మార్పిడి ఆగుతుంది. పక్కన మనిషిని ఉండనివ్వం అంటే, ఉండనిచ్చే ఆసుపత్రి దొరికేదాకా మోకాలి నొప్పితోనే ఉండండి.